ఛాతీ కొలిచిన నూలుదారం

పోయిన నెల మా వీధి చివర మేడ మీద కొత్తగా తెరిచిన కరాటే హాలుకి నన్ను పిలిచారు. ముప్ఫై ఏళ్ళు శ్రీకాకుళం, విజయనగరం వైపు బళ్ళలో డ్రిల్లు మాస్టారుగా ఈల ఊదినవాణ్ణి కదా, వచ్చి పిల్లలకి నాలుగు మంచి ముక్కలు చెప్పండి అన్నారు. చెప్పులు విప్పి లోపల అడుగుపెట్టేసరికి రబ్బరు చాపల వాసన, దాని మీద ఒళ్ళునొప్పులకి కొట్టుకునే మందు వాసన, రెండూ కలిసి గుప్పుమన్నాయి. గోడకి నిలువెత్తు అద్దం, మూలన పౌడరు డబ్బాలు, మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకున్న కుర్ర కోచ్. బాగానే ఉంది, కొత్తవన్నీ చెడ్డవని సణిగే ముసలాణ్ణి కాను నేను. కానీ ఒక బక్కపలచని పిల్లాడు, తొమ్మిదేళ్ళుంటాయేమో, గుంజీలు తీసి తీసి తొడలు వణికిపోతుంటే ఆ కోచ్ "కమాన్, ఇంకో యాభై" అని అరిచేసరికి నా నోరు ఊరుకోలేదు. "తొమ్మిదేళ్ళ పిల్లాడికి తొమ్మిదే బాబూ" అన్నాను. పెద్దాయన కదా అని అతను నవ్వి ఊరుకున్నాడు. నాలుగు ముక్కలు చెప్పడానికి వెళ్ళి ఆ ఒక్క ముక్కే చెప్పి వచ్చేశాను.

ఆ లెక్క నాది కాదు, మా పైడయ్య గురువుది. కర్రసామూ కుస్తీ నేర్పే ఆయన సాము గరిడీలో రబ్బరు వాసన ఎక్కడిది? కొండవార నుంచి బండి మీద తెచ్చిన ఎర్రమట్టి, నాగావళి వరద వదిలిన వండలి, అందులో వేపాకు, పసుపు, గిద్దెడు నువ్వులనూనె, పుల్లమజ్జిగ పోసి మేం పిల్లలమే కాళ్ళతో తొక్కి తొక్కి మెత్తబరిచిన కుస్తీ గోదా మట్టి వాసన. తొలకరి పడితే ఊరంతా మట్టి వాసనే వేస్తుంది గానీ ఇది అది కాదు, కాస్త పులుపూ కాస్త చేదూ కలిసి, స్నానం చేసినా చెవుల వెనక అలాగే ఉండిపోయే వాసన. దాన్ని మా అమ్మ ముక్కుకి తగలకుండా దాచడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

అరవయ్యో దశకం చివరి సంవత్సరాలు. శ్రీకాకుళానికీ ఆమదాలవలసకీ నడుమ నాగావళి ఒడ్డున మా ఊరు. నాన్న రైలు స్టేషను దగ్గర బియ్యం మిల్లులో పని చేసేవాడు, తెల్లారకుండా సైకిలెక్కి వెళితే పొద్దుగూకాకే రాక. ఇంట్లో అమ్మా, నేనూ. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు పురిట్లోనే పోయారట. అందుకని నేను పుట్టగానే మంత్రసాని నన్ను చేటలో వేసి పెరటి గుమ్మంలోంచి ఎదురింటి నీలమ్మకి ఇచ్చేసింది. నీలమ్మ బదులుగా అదే చేటలో తవుడు పోసి ఇచ్చింది. అంటే ఈ పిల్లాడు మావాడు కాదు, తవుడుకి ఇచ్చేశాం, వీడి జోలికి రాకు అని మృత్యువుని ఏమార్చడం అన్నమాట. మూడో రోజున మళ్ళీ తెచ్చుకున్నారు గానీ పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. బళ్ళో తవిటినాయుడు, వీధిలో తవుడు. మా వైపు ఇంటికొక తవుడు ఉండేవాడు ఆ రోజుల్లో, మా తరగతిలోనే ముగ్గురం. మాస్టారు తవుడూ అని పిలిస్తే ముగ్గురం లేచి నిలబడేవాళ్ళం, తిట్లయితే ముగ్గురం కూర్చునేవాళ్ళం.

అమ్మకి నేనంటే ప్రాణం అనడం చిన్నమాట, భయం. ఏట్లో దిగకూడదు, చెట్టెక్కకూడదు, చెడుగుడులో కూతకి వెళ్ళకూడదు, కర్రాబిళ్ళ ఆడితే కన్ను పోతుంది, ఎండలో తిరిగితే వడదెబ్బ, వానలో తడిస్తే పడిశం. వీధిలో పిల్లలంతా చెడుగుడు ఆడుతుంటే నేను అరుగు మీద కూర్చుని ఎవరు అవుటో చెప్పే పెద్దమనిషిని. నా ఛాతీ పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. చలికాలం వస్తే పిల్లికూతలు. ఆ పిల్లికూతలకి మేకపాలు మంచివని ఎవరో చెప్పారు. అప్పట్నుంచి రోజూ తెల్లవారుజామున ఎదురింటి నీలమ్మ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, పొదుగు కింద పట్టిన గ్లాసులో నురుగు చల్లారకముందే తాగి రావడం నాకు నియమమైంది.

నీలమ్మ పెద్దమ్మకి పిల్లల్లేరు. మూడు మేకలు, వడ్లు దంచుకునే రోకలి, మొగుడు పైడయ్య గురువు, ఆయన గరిడీ, అదీ ఆమె సంసారం. పొట్టిగా, గట్టిగా ఉండేది. నన్ను చూస్తే చాలు "నా తవుడే, రా, నీకు నాను ఎంత తవుడు పోసినానో ఎరుకా? అంత ఇలువ సేస్తావేటి నువ్వు?" అని చెవి మెలిపెట్టేది. ఆమె ఇంటి పెరట్లోనే తాటాకుల పాక, ఆ పాకే గరిడీ. అక్కడి నుంచి తెల్లారుతూనే ధభీ ధభీమని మనుషులు మట్టిలో పడే చప్పుడు, "హుం" అని ఊపిరి విడిచే చప్పుడు వినిపించేవి. పాల గ్లాసు పట్టుకుని తడిక సందులోంచి నేను చూడని రోజు లేదు. వడ్రంగి కొడుకు సింహాచలం, నా ఈడువాడే, లోపల గోచీ బిగించి దండీలు తీస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

వైశాఖ మాసంలో ఒకనాడు నిజంగానే ఏడ్చేశాను. పాలు తాగనని మొండికేశాను. పెద్దమ్మ నన్ను రోటి మీద కూర్చోబెట్టి, "మీ అమ్మకి తెలిస్తే నన్ను బతకనిస్తాదేటిరా?" అంది. నేను వినలేదు. చివరికి ఒక షరతు పెట్టింది. మా అమ్మకి తను చెప్పదు, ఇంకెవర్నీ చెప్పనివ్వదు. ఏనాడైతే నేను పిల్ల సంగిడి ఎత్తుతానో ఆనాడు నేనే, నా నోటితోనే చెప్పాలి. నా చేతిలో చెయ్యేసి, "నువ్వు సెప్పీదాకా నా నోట రాదు. ఇది మాట" అంది. సంగిడి అంటే మధ్యలో చెయ్యి పట్టేటట్టు తొలిచిన గుండ్రాయి. గరిడీ గుమ్మం పక్కన పిల్ల సంగిడి, నడిమి సంగిడి, పెద్ద సంగిడి అని మూడుండేవి. పిల్ల సంగిడిని ఒంటిచేత్తో భుజం మీదికి ఎత్తినవాడే దసరాకి ఊరేగింపులో సాము చెయ్యడానికి అర్హుడు.

పైడయ్య గురువు నన్ను చూసి నవ్వలేదు. అదే నాకు గొప్ప. "ఊపిరి పీల్సు" అన్నాడు, పీల్చాను. "వొదిలీ" అన్నాడు, వదిలాను. ఎర్రనూలు దారం ఒకటి తీసి పసుపూ నూనే రాసి, ఊపిరి పీల్చిన ఛాతీ చుట్టూ పెట్టి, ఎక్కడికి వచ్చిందో అక్కడ ముడి వేశాడు. ఆయనకి చదువు రాదు. ఎవరి దారం ఎవరిదో తెలియడానికి ఒక్కొక్కరి దారానికి ఒక్కొక్క గుర్తు కట్టేవాడు. సింహాచలం దారానికి చిన్న చెక్కముక్క, చాకలి రాముడి కొడుకు దారానికి గవ్వ. నాకేదీ లేకపోతే నా పాత నీలం గళ్ళ చొక్కా చినుగులోంచి పీలిక చింపి కట్టాడు. ప్రతి నెలా పున్నమి మర్నాడు కొలిచి కొత్త ముడి వేసేవాడు. "రాయి ఎత్తీసినానని సంబరపడకు. రాయి అబద్దం ఆడతాది, దారం ఆడదు" అనేవాడు. కొలతబద్దలూ, తూకం యంత్రాలూ, ఫారాలూ నింపి నింపి రిటైరయ్యాను గానీ అంతకంటే తెలివైన పద్ధతి నేను ఇంతవరకు చూడలేదు.

మొదటి నలభై రోజులు కుస్తీ లేదు, కర్ర లేదు. గునపం పట్టి గోదా మట్టి తవ్వడం, తవ్వింది మళ్ళీ చదును చెయ్యడం. తరవాత కావిడిలో చిన్న ముంతలు పెట్టి ఏటి నుంచి నీళ్ళు మోయడం. ఎండాకాలం నాగావళి సన్నగా పారుతుంటే మోకాలి లోతు నీళ్ళలో ఏటికెదురు నడిపించేవాడు. పాదాలు ఇసకలో దిగబడి పిక్కలు లాగేసేవి. పొడి ఇసకలో ఒకణ్ణొకడు వీపు మీద వేసుకుని పరిగెత్తాలి. నన్నెప్పుడూ సింహాచలమే మోసేవాడు, నేను వాణ్ణి మోయబోతే ఇద్దరం కలిసి పడేవాళ్ళం. పిల్లికూతలకి ఒక మందు కనిపెట్టాడు గురువు. ప్రమిద వెలిగించి మూరెడు దూరంలో పెట్టి, దాన్ని ఆర్పకుండా, దీపం వంగి వంగి నిలబడేటట్టు సన్నగా ఊదుతూ ఉండాలి. ఆరిపోతే మళ్ళీ మొదటికి. ఆ శ్రావణంలో వానలు ముంచెత్తాయి గానీ నాకు పిల్లికూతలు రాలేదు.

బస్కీలకి, అవే గుంజీలకి, మాత్రం ఆయన లెక్క ఒకటే, ఎన్నేళ్ళో అన్ని. నాలాంటి పన్నెండేళ్ళవాడు పన్నెండే కూర్చుని లేవాలి, పదమూడోది తీస్తే వీపు మీద బెత్తం. వారం వారం ఎక్కువ చేయిస్తాడేమో అనుకుంటే అదీ లేదు, అవే పన్నెండు ఇంకా నెమ్మదిగా, ఇంకా కిందికి. అమావాస్యనాడు గరిడీ మూసే ఉండేది. ఆ రోజు దండీ తీసినా తప్పే, నిద్రపోవడమే సాధన అనేవాడు. ఇంకో కట్టుబాటు ఉండేది, అది నాకు అన్నిటికంటే ఇష్టం. గోదాలో పడగొట్టినవాడే పడ్డవాడికి ఒళ్ళంతా నూనె పట్టించాలి. సింహాచలం నన్ను రోజుకి ఆరుసార్లు పడగొట్టి, ఆరుసార్లూ విసుక్కోకుండా వీపు రుద్దేవాడు. అలా రుద్దించుకున్నాక వాడి మీద కోపం పెట్టుకోవడం ఎలాగ?

సాధన అయ్యాక నీలమ్మ పెద్దమ్మ వరసగా కూర్చోబెట్టి చోడి అంబలి, అదే రాగి అంబలి, పోసేది. నానబెట్టిన ఉలవలు గుప్పెడు, బెల్లంముక్క. ఎండాకాలం తాటిముంజలు, చవితికి ఉండ్రాళ్ళు, చలిలో కాల్చిన తేగలు. పులుపూ కారం కూడదు. దాంతో ఇంట్లో చింతపండు పులుసు పోస్తే నేను పక్కకి జరిపేవాణ్ణి, ఆవకాయ ముట్టేవాణ్ణి కాదు. అమ్మ దిగులుగా నా నుదురు తడిమి, "అన్నం సయించట్లేదేటిరా నాయినా?" అనేది. ఏటి ఒడ్డున మట్టి కడుక్కుని, కుంకుడు రసంతో చెవులు తోముకుని వచ్చినా "ఈ వాసనేటి?" అని ముక్కు చిట్లించేది. మేక వాసన అనేవాణ్ణి. గరిడీ మానడం మాత్రం నా వల్ల అయ్యేది కాదు. నన్ను కూడా పడగొట్టదగ్గ మనిషిగా చూసిన చోటు లోకంలో అదొక్కటే.

భాద్రపదంలో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. విజయనగరంలో ఎవరో గరిడీ వాళ్ళు దసరాకి తమ పిల్లల్ని తయారుచెయ్యమని పిలిస్తే గురువు పదిహేను రోజులకని వెళ్ళాడు. ఆ వెంటనే పట్టిన ముసురుకి గరిడీ కప్పు కారి గోడలు చెమ్మెక్కాయి. మేకుకి వేలాడే మా దారాలు తడిసి ముడులు నాని విడిపోతాయని నీలమ్మ పెద్దమ్మ వాటన్నిటినీ తీసుకెళ్ళి తన వంటింట్లో పొయ్యి పైన, అటక కర్రకి పొగ తగిలేచోట కట్టింది.

నాకు మటుకు దసరా కళ్ళముందు ఆడుతోంది. సింహాచలం అప్పటికే పిల్ల సంగిడిని భుజం దాకా లేపుతున్నాడు, నేను మోకాలు దాటించలేకపోతున్నాను. గురువు ఊళ్ళో లేడు, అడిగేవాడు లేడు. మా పశువుల పాకలో, అమ్మ గుడికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, పన్నెండేమిటి వంద తీద్దామని మొదలుపెట్టాను. వంద అయ్యాయి. కాళ్ళు గాలిలో తేలుతున్నట్టుంటే ఇంకో వంద తీశాను. ఎంత మగాణ్ణో అని నాకు నేనే మురిసిపోయాను. మర్నాడు పొద్దున మంచం మీంచి కాళ్ళు దించబోతే తొడలు రాళ్ళయిపోయి ఉన్నాయి. ముట్టుకుంటే ప్రాణం పోతోంది. ఒళ్ళు కాలిపోతోంది. ఒంటికి వెళితే టీ డికాక్షను రంగులో వచ్చింది. అది ఎంత ప్రమాదమో, మూత్రపిండాలు పోవలసినవాణ్ణి ఎలా బతికిపోయానో తరవాతెప్పుడో శిక్షణ కాలేజీలో పాఠం వింటుంటే తెలిసి కుర్చీలోనే చెమటలు పట్టాయి. అప్పుడు మాత్రం నోరు మూసుకున్నాను. అమ్మకి కనిపించిందల్లా నిన్నటిదాకా తిరిగిన పిల్లాడు ఇవాళ కాళ్ళు పడిపోయి, నల్లగా పోస్తున్నాడు అన్నదొక్కటే.

మూడో రోజు పొద్దున జ్వరం దిగలేదు. నాన్న మిల్లుకి సెలవు చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి బండి మాట్లాడి వస్తానని వెళ్ళాడు. నా గొంతులో కాసిని మేకపాలు పోద్దామని అమ్మ తనే గ్లాసు పట్టుకుని ఎదురింటికి వెళ్ళింది. నీలమ్మ పెద్దమ్మ పెరట్లో పాలు పితుకుతోంది. పిలుస్తూ వంటింట్లోకి వెళ్ళిన అమ్మ తలెత్తి చూసింది. పొయ్యి పైన, పొగలో, పసుపూ నూనే పూసిన ఎర్రదారం, దానికి అయిదు ముడులు, ఆ దారం చివర నా నీలం గళ్ళ చొక్కా పీలిక.

మా వైపు పుట్టి పెరిగినవాళ్ళకి ఇంక చెప్పక్కర్లేదు. అమ్మ కేక మా ఇంట్లో మంచం మీదున్న నాకు వినిపించింది. "ఓలమ్మో! నా గుంటణ్ణి కట్టీసిందర్రా! ముడేసి పొయ్యి మీద కట్టీసింది!" నిమిషంలో వీధంతా పోగైంది. పక్కింటి గున్నమ్మ, పాముకాటు నుంచి పిడుగు దాకా అన్నిటికీ కారణం చెప్పగల ముసలావిడ, ఆ దారం చూస్తూనే "చిల్లంగి" అంది. చేతబడిని మేం అలా అంటాం. ఆ మాట ఒకసారి పడిందంటే ఆ మనిషిని ఊళ్ళో ఇంక మనిషిగా చూడరు. పిల్లల్లేనిది, అందుకే ఎదురింటి బిడ్డ మీద కన్నేసింది, తవుడు పోసి కొనుక్కుంది కదా, మళ్ళీ తీసుకుపోదామని చూస్తోంది అని ఎవరికి తోచింది వారు అంటున్నారు. అన్నీ వినిపిస్తున్నాయి. మా రెండిళ్ళ మధ్య వీధి ఎంత, పది అంగలు.

నేనేం చేశానో దాచను. పడుకునే ఉన్నాను. చెబితే గరిడీ పోతుంది, అమ్మ చంపేస్తుంది, దసరా ఇంక లేదు. అయినా పెద్దమ్మే చెప్పేస్తుందిలే, ఒక్క ముక్క, 'మీవాడు గరిడీకి వస్తున్నాడు, అది కొలత దారం' అంటే అయిపోతుంది కదా అనుకున్నాను. చెవులు రిక్కించి విన్నాను. ఆమెని వీధిలోకి లాగారు, పాలతపేలా దొర్లిన చప్పుడు వినిపించింది. "సెప్పవే, ఏటది? ఎవరికి కట్టినావు?" అని అడుగుతున్నారు. ఆమె గొంతు ఒక్కసారే వినిపించింది. "ఆణ్ణడగండి. ఆడే సెప్తాడు." మళ్ళీ ఎంత అడిగినా ఇంకో మాట లేదు. జ్వరంలో ఉన్న పిల్లాణ్ణి అడగమంటుందా అని జనం ఇంకా మండిపడ్డారు.

సింహాచలం రొప్పుతూ మా ఇంట్లోకి వచ్చి పడ్డాడు. "ఒరే తవుడూ, లెగరా! పెద్దమ్మ పళ్ళు పీకుతారంట, పట్కారు ఇమ్మని మా అయ్యనడగతన్నారు!" చిల్లంగి పెట్టిందనుకున్న మనిషికి ముందు పళ్ళు పీకడం మా వైపు ఆచారం, పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని. "నువ్వు సెప్పీవచ్చు కదరా" అన్నాను. "సెప్పినాన్రా, సెంప మీద కొట్టినారు. నువ్వు సెప్తేనే ఇంటారు" అని ఏడ్చాడు. చెంప నిజంగానే వాచి ఉంది. నేను లేవబోయి పడ్డాను. వాడు ఇంకేం మాట్లాడకుండా వంగి, ఏటి ఇసకలో మోసినట్టే నన్ను వీపు మీద వేసుకుని వీధి దాటించాడు.

నీలమ్మ పెద్దమ్మ తన గుమ్మం ముందు బురదలో కూర్చుని ఉంది. జుట్టు విడిపోయింది. కింద పెదవి చిట్లి రక్తం. నన్ను చూసి "జొరంలో ఎందుకు లెగిసినావురా?" అంది. "అమ్మా, అది నా దారమేనే! గురువు నా ఛాతీ కొలిసింది! వైశాఖం నుంచి నాను గరిడీకి ఎల్తన్నాను. బస్కీలు ఎక్కువ తీసీసినాను, అందుకే కాళ్ళు పట్టీసినాయి. పెద్దమ్మ ఏటీ సెయ్యనేదు!" అని అరిచాను. అమ్మ నమ్మలేదు. మందు పెట్టి నా చేత పలికిస్తోందంది గున్నమ్మ. అప్పుడు సింహాచలం అటక మీంచి దారాలన్నీ లాక్కొచ్చి, చెక్కముక్క కట్టినది తన ఛాతీకి చుట్టుకుని చూపించాడు. తరవాత నా చొక్కా విప్పి నా దారం చుట్టాడు. మొదటి ముడి నా ఛాతీని చుట్టిరాలేదు, రెండు చివరల మధ్య మూడు వేళ్ళ ఖాళీ. రెండోది ఇంకాస్త దగ్గరికి, మూడోది ఇంకాస్త. అయిదో ముడి సరిగ్గా కలిసింది.

అమ్మ ఆ దారం పట్టుకుని, మూడు వేళ్ళు ఆ ఖాళీలో పెట్టి మళ్ళీ మళ్ళీ చూసుకుంది. తన కొడుకు ఛాతీ ఆమె సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో. అంతవరకు మీద మీద పడ్డ జనం ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చినట్టు జారుకున్నారు. తప్పయిందన్నవాడు ఒక్కడు లేడు. అమ్మ అక్కడే బురదలో కూలబడి "అప్పా, ఒక్క మాట సెప్పీకూడదేటే? అంతమంది కొడతన్నా ఒక్క మాట!" అని పెద్దమ్మ కాళ్ళు పట్టుకుంది. పెద్దమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. "నీ గుంటడికి మాటిచ్చినాను సెల్లీ. ఆడే సెప్పాల" అని, లేచి పెరట్లోకి వెళ్ళి, ఇంకా పితకని మూడో మేక పాలు గ్లాసులోకి పితికి తెచ్చి నా నోటికి పెట్టింది. అప్పటికి నాన్న బండితో వచ్చాడు.

ఆసుపత్రి నుంచి నేను వారానికి తిరిగొచ్చాను. గురువు విజయనగరం నుంచి వచ్చి సంగతంతా విని, మా అమ్మని పల్లెత్తు మాట అనలేదు. నా మంచం దగ్గరికి వచ్చి "రెండొందలా?" అన్నాడు. తలూపాను. "ఎందుకు?" అన్నాడు. సంగిడి కోసం అన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను మొదటిసారి చూశాను. ఆ ఏడు దసరాకి మా ఊళ్ళో సాము జరగలేదు. పెద్దలు వచ్చి బతిమాలినా ఆయన గరిడీ తలుపు తియ్యలేదు. మళ్ళీ కార్తీకంలో తెరిచాడు, ముందు మా అమ్మే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గోదా గట్టున కూర్చుంది. పన్నెండు దాటి పదమూడోది మొదలుపెడితే ఆవిడే "ఒరే!" అని గద్దించేది. పై ఏడు దసరాకి పిల్ల సంగిడి ఎత్తాను. వీధంతా ఈలలు వేసింది, గున్నమ్మ దిష్టి తీసింది. నాకు రావలసినంత సంతోషం రాలేదు, ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఆ గరిడీ ఇప్పుడు లేదు. గురువు పోయాక పాక కూలింది, ఆ జాగాలో పంచాయతీ మంచినీళ్ళ ట్యాంకు కట్టారు. పెద్ద సంగిడి ఎటుపోయిందో తెలియదు, నడిమిది ఎవరింట్లోనో బట్టలుతికే రాయి అయింది. సింహాచలం నాలుగేళ్ళ కిందట పోయాడు. పడగొట్టినవాడు నూనె రాయాలన్న కట్టుబాటు గురించి నా ఉద్యోగంలో ఎక్కడా వినలేదు, నా బళ్ళో పిల్లల చేత నేను చేయించబోతే పై అధికారి వచ్చి నవ్విపోయాడు. తవుడు అన్న పేరు కూడా ఇప్పుడు పుట్టిన పిల్లలకి ఎవరూ పెట్టడం లేదు. చిల్లంగి అన్న మాట మాత్రం చావలేదు, ఏడాదికొకసారైనా పేపర్లో ఏ మూలో కనిపిస్తూనే ఉంటుంది. చూసినప్పుడల్లా ఆ రోజు అన్నం సయించదు.

నీలమ్మ పెద్దమ్మ ఆ తరవాత మా ఇంటికి రావడం మానలేదు. పాలు తెచ్చేది, అమ్మతో కూర్చుని చింతపండు గింజలు తీసేది, నా పెళ్ళికి పసుపు దంచింది, నా కూతురికి మొదటి నీళ్ళు పోసింది. కానీ వచ్చిన ప్రతిసారీ మా గడప ముందు ఒక్క క్షణం ఆగేది. చేతిలో ఉన్నది కింద పెట్టి, రెండు అరచేతులూ తెరిచి, ఏ దారమూ లేదన్నట్టు అటూ ఇటూ తిప్పి చూపించి, అప్పుడు లోపలికి అడుగుపెట్టేది. అమ్మ ఏడ్చింది, తిట్టింది, "అలగ సెయ్యకే అప్పా, నా మీద ఒట్టు" అంది. "అలవాటైపోనాది సెల్లీ" అని నవ్వేది పెద్దమ్మ. ఆమె పోయేదాకా, పాతికేళ్ళు, అలాగే చేసింది. ఆ రోజు నేను మంచం మీద నోరు మూసుకుని పడుకున్నది కాసేపే.